రంగు తీసేస్తే బ్లాక్ అండ్ వైట్ అయిపోదు

ఫోన్‌లో ఎడిట్ నొక్కి మోనో దగ్గర వేలు పెడితే చాలు, కలర్ ఫొటో బ్లాక్ అండ్ వైట్ అయిపోతుంది. కంప్యూటర్లో అయితే శాచురేషన్, అంటే రంగు చిక్కదనం, స్లైడర్‌ని ఎడమ చివరికి లాగేస్తారు. "ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేయడం ఎలా" అని ఎవరడిగినా వచ్చే జవాబు ఈ రెండిట్లో ఒకటి, అడిగినవాళ్ళు కూడా ఇంతేగా అనుకుని వెళ్ళిపోతారు. నాకు ఈ జవాబుతో పెద్ద పేచీ ఉంది. ఎరుపు ఎంత ముదురుగా రావాలి, పసుపు ఎంత తేలిగ్గా రావాలి, మనిషి ఒంటి రంగు ఎక్కడ నిలవాలి అన్న నిర్ణయాలన్నీ ఆ ఒక్క నొక్కుడులో జరిగిపోతాయి, అవి తీసుకున్నది మీరు కాదు. మన ఎండ, మన చీరల అంచులు, మన ముఖాలు ఎలా ఉంటాయో చూడకుండా ఎప్పుడో ముందే రాసిపెట్టిన లెక్క ఒకటి వాటిని తీసుకుంది. ఆ లెక్క మీరే వేసుకోవాలి, ప్రతి ఫొటోకీ విడిగా వేసుకోవాలి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

చిన్న పరీక్ష చేయండి. తమలపాకు మీద చిటికెడు కుంకుమ పెట్టి, కిటికీ పక్కన నేరుగా ఎండ పడని చోట ఫొటో తీయండి. కలర్లో అంతకన్నా స్పష్టంగా విడిపోయే జోడీ ఉండదు. నేను తీసిన ఫొటోలో కుంకుమ మీద ఐడ్రాపర్ (ఏ చోట ఏ రంగు ఎంతుందో అంకెల్లో చూపే పనిముట్టు) పెడితే ఎరుపు 190, ఆకుపచ్చ 30, నీలం 45 చూపించింది, ఆకు మీద పెడితే 50, 110, 50. ఇప్పుడు బాగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఎరుపులో 29.9 శాతం, ఆకుపచ్చలో 58.7 శాతం, నీలంలో 11.4 శాతం తీసుకుని కలపండి. కుంకుమకి 80 వస్తుంది, ఆకుకి 85. సున్నా నుంచి 255 దాకా ఉన్న మెట్లలో అయిదు మెట్ల తేడా. అక్కడ కుంకుమ ఉందని ముందే తెలిసినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఆనదు.

అదే ఫొటోలో ఒక్క ఎరుపు ఛానెల్, అంటే ఆ మూడంకెల్లో ఎరుపుది మాత్రమే తీసుకుని చూడండి. కుంకుమ 190, ఆకు 50, అంటే నల్లటి ఆకు మీద తెల్లగా మెరిసే పొడి. ఆకుపచ్చ ఛానెల్ తీసుకుంటే 30, 110, అంటే లేతగా ఉన్న ఆకు మీద దాదాపు నల్లటి పొడి. తీసింది ఒక్క ఫొటోనే, అందులోంచి ఒకదానికొకటి పొంతన లేని బొమ్మలు వచ్చాయి, అన్నీ కెమెరా చూసినవే. వీటిలో ఏది నిజమని అడిగితే, నా కంటికి కుంకుమ కొట్టొచ్చినట్టు కనబడింది కాబట్టి అది విడిపడి కనబడే బొమ్మే నేను చూసినదానికి దగ్గర అంటాను. బాగా చిక్కటి రంగులు, అందులోనూ ఎరుపు, కొలతకి వచ్చే వెలుగు కన్నా ఎక్కువ వెలుగుతో మన కంటికి తోస్తాయని హెల్మ్‌హోల్ట్జ్, కోల్‌రౌష్ అనే ఇద్దరి పేర్ల మీద శాస్త్రంలో ఒక సంగతి ఉంది. సగటు లెక్క దాన్ని పట్టించుకోదు.

ఆ శాతాలు ఎక్కడివి అంటే టీవీ నుంచి వచ్చాయి. కలర్ ప్రసారాన్ని పాత బ్లాక్ అండ్ వైట్ సెట్లు కూడా పట్టుకోగలగాలి అనే అవసరంతో 1953లో అమెరికాలో కలర్ టీవీ ప్రమాణం ఖరారైనప్పుడు వేసిన లెక్క అది, కాస్త సవరణలతో ఇప్పటికీ నడుస్తోంది. మనకీ దానితో పరిచయం ఉంది. 1982 ఏషియాడ్‌తో దూరదర్శన్ కలర్లోకి వచ్చాక కూడా చాలా ఇళ్ళల్లో బ్లాక్ అండ్ వైట్ టీవీలే ఉండేవి, శుక్రవారం చిత్రలహరిలో కలర్ పాటలన్నీ బూడిద రంగుల్లోనే చూశాం, ఆ బూడిద రంగుల్ని తేల్చింది ఈ కూడికే. దేశమంతా ఉన్న సెట్లకి ఒకే లెక్క పనికిరావాలి కాబట్టి సగటు కన్నుని దృష్టిలో పెట్టుకుని వేశారు, టీవీకి అది సరైన పనే. నా ముందున్న ఒక్క ఫొటోకి ఆ సగటుతో పనేముంది? ఇక ఫొటోషాప్‌లో డీశాచురేట్ అని ఒక కమాండ్ ఉంది చూశారా, అది ఇంకా మొరటుది. మూడు అంకెల్లో పెద్దదీ చిన్నదీ కలిపి సగం చేస్తుంది, అంతే. దాని లెక్కలో అచ్చమైన ఎరుపు, అచ్చమైన ఆకుపచ్చ, అచ్చమైన నీలం మూడూ ఒకే బూడిద రంగు.

ఇక్కడ కెమెరా లోపల జరిగేది కాస్త తెలిస్తే ఇదంతా సులువుగా బోధపడుతుంది. సెన్సర్‌కి రంగు తెలియదు, ఎంత వెలుగు పడిందో అంతే తెలుసు. ఒక్కో పిక్సెల్ ముందు ఎరుపో ఆకుపచ్చో నీలమో చిన్న ఫిల్టర్ ఉంటుంది, రెండు ఆకుపచ్చలకి ఒక ఎరుపు, ఒక నీలం చొప్పున. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరు మీద 1976లో పేటెంట్ వచ్చిన ఈ అమరికే ఇవాళ్టి కెమెరాల్లో, ఫోన్లలో దాదాపు అన్నిట్లోనూ ఉంది. అంటే మీ దగ్గరున్న ప్రతి కలర్ ఫొటో మూడు రంగుల అద్దాల్లోంచి తీసిన మూడు బ్లాక్ అండ్ వైట్ ఫొటోల కూడిక. బ్లాక్ అండ్ వైట్‌గా మార్చడం అంటే ఆ మూడిట్లో దేని మాట ఎంత వినాలో తేల్చడం.

పాతకాలం ఫొటోగ్రాఫర్లకి ఇది చెప్పనక్కర్లేదు, వాళ్ళు రోజూ దీనితోనే కుస్తీ పట్టేవాళ్ళు. ఫిల్ముకి ముందు వాడిన మొదటి తరం గాజు ప్లేట్లకి నీలం బాగా సోకేది, ఎరుపు సోకేదే కాదు. 1880లలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో చేరిన రాజా దీన్‌దయాళ్ తీసిన హైదరాబాద్ ఫొటోలు చూడండి. కోటలు, దేవిడీలు, రాతి చెక్కడాలు అన్నీ పదునుగా ఉంటాయి కానీ ఆకాశం చాలావాటిలో ఉత్త తెల్ల కాగితంలా ఉంటుంది. ఆ రోజు మబ్బుల్లేక కాదు, నీలానికి తెలుపుకి మధ్య తేడా ఆ ప్లేటుకి పెద్దగా తెలియకపోవడం వల్ల. బెర్లిన్‌లో హెర్మన్ వోగెల్ 1873లో ప్లేటు మీద పూసే ఎమల్షన్లో రంగు అద్దకాలు కలిపితే ఆకుపచ్చ కూడా పడుతుందని కనిపెట్టాడు, అన్ని రంగులూ పట్టే పాంక్రోమాటిక్ ప్లేట్లు అమ్మకానికి వచ్చేసరికి 1906 అయింది. ఆ తర్వాత లెన్స్ ముందు రంగు గాజు పెట్టి ఏ రంగు ఎంత ముదురుగా పడాలో ముందే నిర్ణయించుకోవడం మొదలైంది. 1927 ఏప్రిల్లో అమెరికాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండ ముందు నిలబడి ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ముందు పసుపు ఫిల్టర్‌తో ఒక ప్లేటు తీసి, దానిలో ఆకాశం తను అనుకున్నంత గంభీరంగా రాదని గ్రహించి, మిగిలిన ఆఖరి ప్లేటుని ముదురు ఎరుపు ఫిల్టర్‌తో తీశాడు. ఆకాశం దాదాపు నల్లగా, కొండ దాని మీదకి విరుచుకుపడుతున్నట్టు వచ్చింది ఆ ఎరుపు గాజు వల్లే. ఆయన మీట నొక్కకముందే తేల్చుకోవాల్సింది, తప్పితే ఇంకో ప్లేటు లేదు. మనం ఇంటికొచ్చాక తీరిగ్గా కూర్చుని తేల్చుకోవచ్చు, పసుపు చూసి, ఎరుపు చూసి, నచ్చకపోతే వెనక్కి రావచ్చు. అంత వెసులుబాటు చేతిలో ఉండి మోనో బటన్‌తో సరిపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

లైకా వాళ్ళు 2012లో మోనోక్రోమ్ అని రంగు ఫిల్టర్లే లేని సెన్సర్‌తో ఒక కెమెరా తెచ్చారు, 2023లో పెంటాక్స్ కూడా ఒకటి తెచ్చింది. తక్కువ వెలుతురులో వాటి ఫొటోలు శుభ్రంగా ఉంటాయి, వివరం ఎక్కువ ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ రంగు నమోదే కాదు కాబట్టి తర్వాత మార్చుకోవడానికి ఏమీ మిగలదు, మళ్ళీ లెన్స్ ముందు గాజు బిగించుకోవాలి. డబ్బున్నా నేను అది కొనను. మామూలు కెమెరాలోనే రా ఫైల్ (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైల్) పెట్టుకుని, మెనూలో పిక్చర్ స్టైల్ మోనోక్రోమ్‌లో ఉంచితే తెర మీద బ్లాక్ అండ్ వైట్ కనబడుతుంది, ఫైల్లో రంగులన్నీ భద్రంగా ఉంటాయి. నాకు అది చాలు.

రామప్పలో దీన్ని బాగా చూడొచ్చు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరాక జనం పెరిగారు కాబట్టి పొద్దున్నే వెళ్ళడం మంచిది. గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలు నున్నగా మెరిసే నల్లరాయి. కలర్లో ఈ రెండు రాళ్ళ తేడాయే గుడి అందం. మోనో నొక్కితే ఇసుకరాయి మధ్యస్థంగా ఒక బూడిద రంగులోకి పోతుంది, వెనకున్న ఆకాశం కూడా ఇంచుమించు అదే బూడిద రంగులోకి వస్తుంది, గుడి అంచు ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో వెతుక్కోవాల్సి వస్తుంది. ఎడిటింగ్ యాప్‌ల బ్లాక్ అండ్ వైట్ విభాగంలో ఒక్కో రంగు ఎంత తేలిగ్గా రావాలో తేల్చే స్లైడర్లు విడివిడిగా ఉంటాయి. వాటిలో ఎరుపు, నారింజ పైకి, నీలం కిందకి తీసుకురండి. ఇసుకరాయి వెలుగుతుంది, ఆకాశం వెనక్కి తగ్గుతుంది, దూరపు మసక కూడా కొంత విడిపోతుంది, ఎందుకంటే ఆ మసకలో ఎక్కువ భాగం నీలమే. మదనికలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. నల్లరాయికి రంగు లేదు కాబట్టి ఏ రంగు స్లైడర్ లాగినా అది దాదాపు కదలదు. వెలుగుతున్న గోడ ముందు ఆ నల్లటి నడుము వంపు, మెడలో హారాల గీతలు, కాళ్ళ దగ్గర పట్టు కుచ్చిళ్ళు అప్పుడు ఒక్కొక్కటీ చదవడానికి వీలవుతాయి.

రంగు లేనిది కదలదు అన్న ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి. తెల్ల పంచె కట్టుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, సున్నం వేసిన గోడ ముందు కూర్చున్న మనిషి ఫొటోలో స్లైడర్లు కదిపితే కదిలేది ఒక్కటే, ఆయన ఒళ్ళు. పంచె అలాగే ఉంటుంది, గోడ అలాగే ఉంటుంది, మీరు నారింజ స్లైడర్‌ని ఎంత తోస్తే ఆయన అంత తెల్లబడతాడు.

నా అసలు కోపం ఇక్కడే. మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లి ఆల్బమ్ వచ్చినప్పుడు అందరం చుట్టూ కూర్చుని చూస్తున్నాం. మధ్యలో రెండు పేజీల నిండా పరుచుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒకటి, జీలకర్ర బెల్లం అయ్యాక తీసింది. పిల్లది చక్కటి చామనచాయ. ఫొటోలో పాలరాతి బొమ్మలా ఉంది. అందరూ బావుంది బావుంది అంటుంటే మా నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూసి, "ఇదేంట్రా నాయనా, పిల్ల నుదుట బొట్టు లేదేంటి?" అంది. నిజంగానే లేదు. కల్యాణతిలకం దిద్దినచోట నుదురు నున్నగా ఉంది. మధుపర్కం చీర ఎర్రంచు కూడా మాయమై ఉత్త తెల్ల చీర కట్టుకున్నట్టుంది. బుగ్గన పెట్టిన కాటుక చుక్క మాత్రం నల్లగా ఉన్నచోటే ఉంది. నాయనమ్మ ఇంకేమీ అనలేదు, పేజీ తిప్పేసింది.

ఏం జరిగిందో చెప్పడం కష్టం కాదు. ముఖం తెల్లగా రావాలని ఎరుపు, నారింజ స్లైడర్లు రెండూ బాగా పైకి తోసేశారు, లేదా అలా తోసి ఉంచిన ప్రీసెట్ ఒకటి వేశారు. మన ఒంటి రంగు, తెల్లదైనా నల్లదైనా, ఎక్కువగా నారింజలో ఉంటుంది, కొంచెం ఎరుపులో. కుంకుమ అచ్చంగా ఎరుపు. రెండిటినీ కలిపి వెలిగిస్తే కుంకుమ చర్మంతో సమానమయ్యేదాకా తేలిపోతుంది, పెదవులు పాలిపోతాయి, తెల్ల చీర మీద ఎర్రంచు తెలుపులో కలిసిపోతుంది. కాటుకకి రంగు లేదు కాబట్టి అది బతికిపోయింది. ఆ ప్రీసెట్ తయారుచేసినవాళ్ళ ముందు బొట్టు పెట్టుకున్న ముఖం ఉండి ఉండదు. కానీ ఆల్బమ్ పేజీ కూర్చినవాళ్ళ ముందు ఉంది, వాళ్ళు చూసుకోవాల్సింది.

సరిచేయడం ఎంత తేలికో చూడండి. నారింజని ఉన్నచోటే వదిలేసి ఎరుపుని బాగా కిందకి దింపితే బొట్టు చిక్కగా, నిండుగా వస్తుంది, అంచు గీసినట్టు నిలబడుతుంది, పెదవులకి ప్రాణం వస్తుంది. ముఖం కాస్త వెలగాలంటే నారింజని ఇంకొంచెం, చెంపల మీద వెలుగు పడ్డచోటుకీ నీడకీ తేడా చెడనంత వరకే పెంచాలి. ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్‌లో ఎనిమిది స్లైడర్లు ఇచ్చింది ఇలా విడదీయడానికే. ఫొటోషాప్‌లో 2007 నుంచి బ్లాక్ అండ్ వైట్ అనే లేయర్ ఉంది, ఆరు స్లైడర్లతో. ఫోన్‌లో స్నాప్‌సీడ్ ఉన్నవాళ్ళకి అందులో బ్లాక్ అండ్ వైట్ తెరిస్తే రంగు ఫిల్టర్లు ఉంటాయి, ఆకుపచ్చది ఎంచుకుంటే బొట్టు ముదురుగా నిలుస్తుంది. పైసా ఖర్చు లేకుండా కంప్యూటర్లో చేసుకోవాలంటే డార్క్‌టేబుల్, రాథెరపీ, గింప్ ఉన్నాయి.

పాత ఇళ్ళల్లో గోడలకి వేలాడే ముత్తవ్వల ఫొటోల్లో బొట్టు బొగ్గులా నల్లగా ఉండటం మీరు గమనించే ఉంటారు. ఎరుపు పట్టని ప్లేట్ల వల్ల అలా వచ్చేది. ఆ ప్లేట్లు వాళ్ళ ఒంటిని కూడా ఉన్నదానికన్నా నల్లగా చూపించేవి, అందుకే స్టూడియోల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసి ముఖం తేలిక చేసేవాళ్ళు. తెల్లగా చూపించాలన్న తాపత్రయం కొత్తది కాదన్నమాట. కానీ ఆ టచింగ్ చేసిన చేతులకి బొట్టెక్కడుందో ముక్కుపుడకెక్కడుందో తెలుసు, వాటిని వదిలేసి చుట్టూ చేసేవి. ఇప్పుడు స్లైడర్ ఒక్కటే తోస్తే ఫొటో అంతా మారుతుంది.

చామనచాయ ముఖాన్ని చామనచాయగానే చూపించాలి అన్నది నా పట్టుదల. కలర్లో ముఖాలకి తెల్లరంగు పూస్తే వెంటనే తెలిసిపోతుంది, పౌడర్ కొట్టినట్టుందని ఎవరో ఒకరు అంటారు. బ్లాక్ అండ్ వైట్‌లో ఎవరికీ తెలియదు, కళాత్మకంగా ఉందంటారు, ఆ ముసుగులో పిల్ల రంగు తక్కువ అన్న పాత పాటే మళ్ళీ పాడుతున్నాం. నల్లటి ఒళ్ళు బ్లాక్ అండ్ వైట్‌లో ఎంత అందంగా ఉంటుందో, చెమట పట్టిన నుదురు మీద, దవడ ఎముక అంచున వెలుగు ఎలా జారుతుందో చూసినవాళ్ళకి దాన్ని తెల్లబరచాలని ఎలా అనిపిస్తుందో నాకు అర్థం కాదు. వెలుగు మెరుపులు కనబడాలంటే వాటి చుట్టూ చిక్కదనం ఉండాలి. ముఖాన్ని మొత్తం లేపేస్తే ఆ మెరుపులకి చోటే ఉండదు.

ఇంకో అలవాటు కూడా పోవాలి. ముడతలు పడ్డ ముసలి ముఖం కనబడితే బ్లాక్ అండ్ వైట్, చిరిగిన గుడ్డల పసివాడు కనబడితే బ్లాక్ అండ్ వైట్, ఖాళీ రోడ్డు మీద రిక్షా అయితే బ్లాక్ అండ్ వైట్. రంగు తీసేస్తే బరువు దానంతటదే వస్తుందన్న నమ్మకం ఇది. 1984లో భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత మట్టిలో పూడుస్తున్న ఒక పసిబిడ్డ ముఖాన్ని రఘు రాయ్ బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు, పాబ్లో బార్తలోమ్యూ కలర్లో తీశారు. అదే బిడ్డ, అదే మట్టి. కలర్ ఫొటోకి ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం వచ్చింది, బ్లాక్ అండ్ వైట్ ఫొటో దేశం గుండెల్లో ఉండిపోయింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకున్న ఎవరూ కలర్ తేలిక, బ్లాక్ అండ్ వైట్ గంభీరం అని అనలేరు. బరువు ఆ ముఖంలో ఉంది, దానికి ఎంత దగ్గరగా వెళ్ళి ఆగారన్నదాంట్లో ఉంది.

జైపూర్ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ ఇంకా దూరం వెళ్ళి, మన దేశాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో చూడటమే పరాయి చూపు అని వాదించాడు, 1999లో చనిపోయేదాకా కలర్లోనే తీశాడు. ఆయన మాటలో సగం నాకు సమ్మతమే. బతుకమ్మని తీసుకోండి. తంగేడు పసుపు మీద గునుగు, దాని మీద బంతి, మళ్ళీ తంగేడు, వరసలు పేర్చేదే రంగు చూసి. దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేస్తే మిగిలేది ఒక గోపురం ఆకారం, అంతే. స్లైడర్లతో వరసలు విడదీయొచ్చు గానీ ఎందుకు విడదీయాలి? పోచంపల్లి ఇక్కత్ ఆరేసిన దండెం, మిర్చి కళ్ళాలు, హోలీ, వీటి జోలికి పోవద్దు. అదే మిర్చి కళ్ళంలో కూర్చుని తాలు కాయలు ఏరే ఆవిడ చేతులు మీకు ముఖ్యమైతే అది వేరే సంగతి, చుట్టూ ఉన్న ఎరుపు చూపుని లాగేస్తుంది కాబట్టి అక్కడ రంగు తీసేయడానికి కారణం ఉంది. ఎరుపుని కిందకి దింపండి, కాయలన్నీ చీకట్లోకి పోయి చేతులు పైకి వస్తాయి. మిగతా సగం మాత్రం నేను ఒప్పుకోను. 1957లో మాయాబజార్‌లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ పట్టిన వెన్నెల బ్లాక్ అండ్ వైటే, దాన్ని పరాయి చూపని ఏ తెలుగువాడూ అనడు. 2010లో ఆ సినిమాకి రంగులద్ది మళ్ళీ విడుదల చేస్తే నేనూ చూశాను, ఆ వెన్నెల దగ్గర నాకు పాత ప్రింటే కావాలనిపించింది.

ఇక ఫైళ్ళ సంగతి. జేపెగ్, అంటే ఫోన్లు, కెమెరాలు మామూలుగా ఇచ్చే కుదించిన ఫైల్ మీద ఈ స్లైడర్లని బలంగా లాగితే రెండు తెగుళ్ళు వస్తాయి. జేపెగ్‌లో ఒక్కో ఛానెల్‌కి 256 మెట్లే, నీలాన్ని బాగా దింపితే ఆకాశంలో చారలు పడతాయి. దానికి తోడు ఫోన్లు, చాలా కెమెరాలు జేపెగ్ చేసేటప్పుడు చోటు కలిసొస్తుందని రంగు సమాచారాన్ని అడ్డంగా సగం, చాలాసార్లు నిలువుగా కూడా సగం చేసి దాస్తాయి. కలర్లో అది తెలియదు. స్లైడర్లు పనిచేసేది ఆ రంగు సమాచారం మీదే కాబట్టి కొండ అంచున, కొమ్మల చుట్టూ తెల్లటి గీత ఒకటి బయటపడుతుంది. రా ఫైల్లో 12 బిట్లయితే 4096 మెట్లు, 14 బిట్లయితే 16384, పైగా రంగు అలా కుదించి ఉండదు. ఇప్పుడు చాలా ఫోన్లు కూడా రా ఇస్తున్నాయి, వాడుకోండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, రా ఫైల్లో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు రంగుని బట్టి ఫొటో రంగుల్ని సరిచేసే అమరిక, కూడా ఒక ఫిల్టరే. రంగు ఎలాగూ పోతుంది కదా అని దాన్ని వదిలేస్తారు, కానీ అందులోని టెంపరేచర్ స్లైడర్ అటూ ఇటూ జరిపి చూడండి, బూడిద రంగులన్నీ ఒకదాన్నొకటి దాటుకుంటూ కదులుతాయి. నేను ముందు అది జరిపి చూసి, ఆ తర్వాతే మిగతా స్లైడర్ల దగ్గరికి వెళ్తాను.

పాడైపోయిన కలర్ ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసి కాపాడదాం అనుకోవడం మామూలే. చేయి కదిలిన ఫొటో, ఫోకస్ తప్పిన ఫొటో ఏ రంగులోనైనా పాడైనదే, వాటి మీద టైమ్ పెట్టకండి. ఒక్క సందర్భంలో మాత్రం ఇది నిజంగా ప్రాణం పోస్తుంది, అది ఫంక్షన్ హాల్ స్టేజి లైట్లు. ఊదారంగు ఎల్‌ఈడీలు నేరుగా ముఖాల మీద పడితే ఎరుపు, నీలం ఛానెళ్ళు నిండిపోయి ముఖం ఒకే రంగు ముద్దలా వస్తుంది, వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా అది దారికి రాదు. ఛానెళ్ళు విడివిడిగా తెరిచి ఆకుపచ్చది చూడండి. చీకటిగా ఉంటుంది కానీ కళ్ళు, ముక్కు, నవ్వు గీతలు అన్నీ అందులో చెక్కుచెదరకుండా ఉంటాయి. ఛానెల్ మిక్సర్‌లో ఎరుపు సున్నా, నీలం సున్నా చేసి, ఆకుపచ్చ ఒక్కటే ఉంచి, వెలుగు పెంచండి. కొంచెం గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తుంది, రానివ్వండి. సంగీత్ ఫొటోలన్నీ పోయాయని బెంగపెట్టుకున్నవాళ్ళకి ఇలా కొన్నైనా తిరిగొస్తాయి.

ఇంత చేసి ప్రింటు దగ్గర పాడుచేసుకోకండి. మన ఊళ్ళల్లో ల్యాబ్‌లన్నీ కలర్ పేపర్ మీదే వేస్తాయి, బ్లాక్ అండ్ వైట్ ఫొటోని కూడా మూడు రంగుల పొరలు కలిపే పుట్టించాలి, ఆ కలయిక కాస్త అటూ ఇటూ అయితే బూడిద రంగు పచ్చగానో గులాబీగానో తిరుగుతుంది. కలర్ ఫొటోలో ఎవరూ పట్టించుకోనంత తేడా ఇక్కడ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకని మొత్తం ఆల్బమ్ ఒకేసారి ఇచ్చేయకుండా, బాగా నలుపు, బాగా తెలుపు, మధ్యలో ముఖం ఉన్న ఫొటో ఒకటి ఎంచి చిన్న సైజులో ముందు వేయించుకోండి. ల్యాబ్‌లో ట్యూబ్‌లైట్ కింద చూసి సరేననొద్దు, బయటికి తీసుకొచ్చి పగటి వెలుతురులో, నీడపట్టున, పక్కన ఒక మామూలు తెల్ల కాగితం పెట్టుకుని చూడండి. రంగు తిరిగినట్టు అనిపిస్తే ఎటు తిరిగిందో కౌంటర్లో చెప్పండి, పచ్చగా ఉంది అంటే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, మెషిన్ దగ్గర ఒకటి రెండు మెట్లు మార్చి మళ్ళీ వేస్తారు. ఆ రెండో ప్రింటుకి డబ్బు అడిగితే ఇవ్వండి.